బన్ని రాత్రి ఎవరి మాట ఎవరికి వినపడుతుంది?

చెల్లెమ్మా, మొన్న ఆదోని బస్టాండులో నువ్వు చెప్పిన మాట ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. ఐదో వారం పాఠంలో ఒక లెక్క అర్థం కాలేదన్నావు. అరవైమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎట్లా అడిగేది అని ఊరుకున్నావు గదా!

దేవరగట్టులో దసరా నాటి బన్ని రాత్రి చూశావు. మాళ మల్లేశ్వరస్వామిని మోసుకుని నెరణికి, కొత్తపేట ఊళ్ల వాళ్లు కదిలినప్పుడు ఆ కర్రల చప్పుడులో, దివిటీల పొగలో, పక్కనున్న తమ్ముణ్ని పిలిచినా పలకడు. ఆ గ్రూపూ అంతే. గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద నీ లెక్క ఏ మూల పడిందో సారుకేం తెలుస్తుంది?

మీ కాలేజీ పాఠాలు మూడిల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఉన్నాయన్నావు. పైన కుడిపక్క మాటల బుడగ లాంటి గుర్తు ఉంటుంది, చూడు. దాన్ని నొక్కి సారు పేరు వెతికితే నేరుగా ఆయనకే రాయొచ్చు. నీ ఫోన్ నంబరు ఆయనకు ఇయ్యక్కర్లేదు. ఆడపిల్లకు ఇదెంత నిమ్మళమో నేను విడమరచాలా? క్లాసులో ఎవడైనా ఊరికే పలకరిస్తుంటే వాణ్ని బ్లాక్ చేసే వీలూ అక్కడే ఉంది. ఒకటి మాత్రం గుర్తుంచుకో, పంపినదాన్ని నీ దగ్గర చెరిపేసినా అవతలివాళ్ల దగ్గర ఉంటుంది. కోపంలో ఉన్నప్పుడు టైపు చెయ్యకు.

ఈ మూడిల్‌ను తయారుచేసిన మార్టిన్ డూగియామాస్ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగినవాడు. బడి దూరం కావడంతో చిన్నప్పుడు రేడియోలోనే పాఠాలు విన్నాడు. 2002లో మూడిల్ బయటికి తెచ్చాడు. హొళగుంద దారిలో సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిరిగే మనకు ఆయన కష్టం ఎవరూ వివరించక్కర్లేదు.

మన పక్క సుగ్గికి, అంటే కోతల వలసకు, పోయే ఇళ్లు ఎన్ని! అమ్మానాన్నలతో గుంటూరు మిరప కోతలకు వెళ్లిన పిల్ల క్లాసుకు రాలేదు, సారుకు ఫోన్ చేయడానికి మొగమాటం. పొలం నుంచి వచ్చి, తిని, రాత్రి పదింటికి మూడిల్‌లో నాలుగు వాక్యాలు రాసి పడుకుంటే సారు పొద్దున తీరిగ్గా చూస్తాడు. ఏ తేదీన అడిగిందో కూడా అక్కడే ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి?

మూడిల్ కాకుండా, కేంద్రం ఆన్‌లైన్ వేదిక స్వయంలో ఎన్‌పీటెల్ కోర్సులైతే అందరికీ కనపడే చర్చలోనే అడగాలి. జూలైలో మొదలైన పన్నెండు వారాల కోర్సు చివర్లో దసరా పడొచ్చు. బన్ని వారం అసైన్‌మెంట్ తప్పిపోయిందని ఏడవకు, పన్నెండింటిలో బాగా వచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు.

నా తెలివి కూడా విను. మూడిల్‌లో ఒక మేడమ్‌కు రాసి, జవాబు రాలేదని పదకొండు రోజులు అలిగాను. ఆమె మర్నాడే రాసింది. నోటిఫికేషన్లు ఆపేసి కూర్చున్నది నేనే!

"సార్, డౌట్" అని ఒక్క ముక్క పంపి ఎదురుచూడకు. ఏ వారం, ఎన్నో లెక్క, ఎంతవరకు చేశావు, ఎక్కడ ఆగావు, అన్నీ ఒకేసారి రాయి. ఫోటో పెట్టే వీలు మామూలుగా మూడిల్ మెసేజుల్లో ఉండదు, కాబట్టి లెక్కంతా మాటల్లోనే చెప్పాలి. అట్లా టైపు చేస్తుంటే తప్పెక్కడో నీకే దొరికిందనుకో, సారును వదిలెయ్. నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.