చెప్పు అందుకునే ముందు

తొలకరి పడగానే నేలలోని బొరియల్లోకి నీళ్లు దిగుతాయి. లోపలున్నవన్నీ తలదాచుకునే చోటు వెతుక్కుంటూ బయటికొస్తాయి. బాత్రూమ్ జాలీ దగ్గర జెర్రి, గుమ్మం పక్కన రోకలిబండ, పెరట్లో నత్త. అప్పుడు ఇంట్లో వినబడే కేకలు అందరికీ తెలిసినవే: "అమ్మో జెర్రి! చెప్పు తే, ఉప్పు తే, వేణ్ణీళ్లు తే!" మూడేళ్ల పిల్ల కళ్లు ఆ సమయంలో జెర్రి మీదకంటే మీ ముఖం మీదే ఎక్కువసేపు ఉంటాయి. ఏది చూసి హడలిపోవాలో, దేన్ని చితక్కొట్టొచ్చో అక్కడే నేర్చుకుంటుంది. నాలుగేళ్లు గడిచాక అదే పిల్ల నత్త మీద ఉప్పు చల్లి, నురగ వస్తుంటే చప్పట్లు కొడితే "దీనికింత రాతిగుండె ఎక్కణ్ణుంచి వచ్చిందీ" అని నొచ్చుకుంటాం.

భయపడొద్దని నేననను. జెర్రి కుడితే నొప్పి మామూలుగా ఉండదు, చెయ్యి వాస్తుంది, పిల్లలు రాత్రంతా ఏడుస్తారు. దాని తల కిందున్న మొదటి జత కాళ్లే కోరల్లా మారి ఉంటాయి, విషం ఎక్కించేది వాటితోనే. "ఏం చేయదులే" అని పిల్లలకు అబద్ధం చెప్పకండి. కుట్టిన చోట సబ్బుతో కడిగి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయొద్దు. అయితే మనిషి ప్రాణం పోవడం మాత్రం చాలా అరుదు. చెవిలో దూరి మెదడు తినేస్తుందని బెదిరిస్తుంటారు, అది వట్టి మాట. జెర్రి చెవిలో దూరడమే అరుదు, దూరినా కర్ణభేరి దాటి మెదడు దాకా పోయే దారి లేదు.

రోకలిబండది వేరే కథ. దాన్నీ జెర్రినీ ఒకే చెప్పుతో కొట్టడం మన ఇళ్లలో రోజూ జరిగే అన్యాయం. జెర్రికి శరీరంలో ఒక్కో కణుపుకు ఒక జత కాళ్లు. బల్లపరుపుగా ఉంటుంది, చురుగ్గా పరిగెడుతుంది, బొద్దింకల్ని వేటాడి తింటుంది. రోకలిబండకు దాదాపు ప్రతి కణుపుకూ రెండు జతలు. గుండ్రంగా, నింపాదిగా నడుస్తుంది, రాలి కుళ్లిన ఆకులు తిని నేలకు ఎరువు చేస్తుంది. కుట్టదు, కరవదు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుపోతుంది. మరీ విసిగిస్తే ఒంటి పక్కల నుంచి ఘాటైన ద్రవం వదులుతుంది. అది చేతికి మరక చేస్తుంది, కంట్లో పడితే మండుతుంది. కాబట్టి పిల్లలకు చెప్పాల్సింది "చూడు, ముట్టుకోకు. ముట్టుకున్నావా, చేతులు కడుక్కో" అని.

చూడటమంటే ఊరికే కాదు. పక్కన గొంతుక్కూర్చుని ఆ కాళ్లను చూడమనండి. ఒక్కో జతా కాస్త వెనకాముందుగా లేస్తుంటే ఒంటి పొడవునా అలలా కదలిక సాగుతుంది. లెక్కపెట్టమంటే పది నిమిషాలు కదలరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో నేలకు అరవై మీటర్ల లోతున దొరికిన ఒక రోకలిబండకు 1,306 కాళ్లున్నాయని 2021లో ప్రకటించారు. జెర్రుల్లోనైతే కాళ్ల జతలు దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యే. మనకు కనబడే పెద్ద జెర్రుల్లో ఎక్కువగా ఇరవై ఒక్క జతలుంటాయి. పిల్లలు ఇంకా అడిగితే తల్లి జెర్రి గురించి చెప్పండి. గుడ్లు పెట్టాక వాటి చుట్టూ ఒళ్లంతా చుట్టుకుని, బూజు పట్టకుండా నాకి శుభ్రం చేస్తూ, పిల్లలు సొంతంగా తిరిగేదాకా వారాల తరబడి తిండి లేకుండా కాపలా కాస్తుంది. ఆ మాట విన్నాక చెప్పు విసరడానికి చెయ్యి కాస్త జంకుతుంది.

సరే, ఇంట్లోకి వచ్చిందాన్ని ఏం చేయాలి? వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, గట్టి అట్టముక్క ఒకటి ఎప్పుడూ చేతికందేలా ఉంచండి. బోర్లించి, కింద అట్ట దూర్చి, చెప్పులు తొడుక్కుని వెళ్లి గోడ అవతల పొదల్లో వదిలేయండి. జెర్రినైతే పెద్దవాళ్లే పట్టాలి, పిల్లల పని టార్చి చూపించడం. చంటిబిడ్డ పడుకున్న పక్క మీద పెద్ద జెర్రి కనిపించి కొట్టక తప్పకపోతే ఒక్క దెబ్బతో ముగించండి. కాల్చడం, ఉప్పు పోయడం, తోక తెంపి అది కొట్టుకుంటుంటే చూడటం వద్దు. నా దృష్టిలో అసలు గీత చంపడానికీ ఏడిపించడానికీ మధ్య ఉంది, పిల్లలకు అది త్వరగానే అర్థమవుతుంది. నానమ్మ ఉప్పు పోస్తే మాత్రం పిల్లల ముందు ఆవిణ్ణి తప్పుపట్టకండి. మట్టిగోడల ఇంట్లో, చాప మీద పడుకుని, దగ్గర్లో డాక్టరు లేని ఊళ్లో పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ.

తూనీగ తోకకు దారం కట్టే ఆట ఇంకా పోలేదు. అలా కట్టిన పిల్లవాణ్ణి తిట్టేకంటే ఒక సంగతి చెప్పి చూడండి. వానల రోజుల్లో మన మైదానాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగల జాతి భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్తుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశారు. పురుగుల తోకలతో ఆడుకోవడం గురించి మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య ముని కథ కూడా ఉంది. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపరక గుచ్చినందుకే నీకు కొరత శిక్ష పడిందని యముడు అంటే, పసితనపు తప్పుకు ఇంత శిక్షా అని ముని ఎదురు తిరిగి, పద్నాలుగేళ్లలోపు పిల్లలు చేసింది పాపం కాదని కట్టడి చేశాడు. పిల్లల పక్షాన అంత గట్టిగా వాదించినవాళ్లు మన పురాణాల్లో తక్కువే.

"దానికి నొప్పేస్తుందా?" అని పిల్లలు అడిగే రోజు వస్తుంది. జెర్రి విషయం ఇంకా తేలలేదు. కానీ పీతలకూ రొయ్యలకూ ఆక్టోపస్‌లకూ బాధ తెలుస్తుందన్న ఆధారాలు చూసి బ్రిటన్ 2022లో చట్టమే చేసింది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా మనిషి తప్ప ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కేసింది. జెర్రిని కొట్టినందుకు ఎవరినీ కోర్టుకు ఈడ్చరులెండి. "ఖాయంగా తెలీదు, అందుకే బాధపెట్టొద్దు" అంటే ఏడేళ్ల పిల్లలకు సరిపోతుంది.

అయితే పదేళ్లు దాటిన పిల్లవాడు ఎంత చెప్పినా, చాటుమాటుగా పదేపదే ప్రాణుల్ని హింసిస్తుంటే, అది కుక్కపిల్లల దాకా వెళ్తుంటే, తిట్టి ఊరుకోవద్దు. బడిలోనో ఇంట్లోనో ఎవరైనా వాణ్ణి కొడుతున్నారేమో, ఏడిపిస్తున్నారేమో ముందు మెల్లగా కనుక్కోండి. తర్వాత పిల్లల మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.