పెట్రోలు పంపుసెట్టును గ్యాసుకు మార్చుట

వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరు దశలో రెండు వారములు బెట్ట పడినచో అనంతపురము మెట్ట రైతునకు ఏమి మిగులునో వేరుగా చెప్పనక్కరలేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో, పొలములోని నీటికుంట నుండి ఒక్క తడి ఇచ్చినను పంట నిలచును. కరెంటు తీగ చేరని చోట ఆ తడికి చిన్న పెట్రోలు పంపుసెట్టు ఉపయోగపడును. దీనిని గ్యాసుతో నడుపవచ్చునా? నడుపవచ్చును. అమెరికాలో ఇల్లువలె అమర్చిన మోటారు బండ్లలో కరెంటు పుట్టించు చిన్న ఇంజనులు ప్రొపేను గ్యాసుతో నడుచుట మామూలే. మన సిలిండరులో ఉండునది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము.

స్పార్కు ప్లగు ఉన్న ఇంజను మాత్రమే ఈ మార్పునకు తగును. డీజిలు ఇంజనులో ప్లగు ఉండదు. గాలిని అదిమిన వేడికే నూనె అంటుకొనును. కనుక దాని జోలికి పోరాదు.

గాలి వడపోతకును కార్బురేటరునకును నడుమ ఒక మిక్సరును, దానికి ముందు ఇంజను పీల్చినపుడే గ్యాసు వదలి, ఇంజను ఆగగానే మూసికొను రెగ్యులేటరును అమర్చవలెను. వంటింటి రెగ్యులేటరు ఈ పనికి బొత్తిగా తగదు. ఇంజను ఆగినను అది గ్యాసును వదలుచునే యుండును. గ్యాసుతో నడుపుటకు ముందు పెట్రోలు కుళాయి కట్టివేసి, కార్బురేటరులో మిగిలినది ఖాళీ చేయవలెను. ఇంజను బలము నూటికి పది పాళ్ల వరకు తగ్గవచ్చును. ఇప్పుడే ముక్కుచు మూల్గుచు నీరు తోడు ఇంజనుకు ఈ మార్పు వలదు. అయితే మసి తక్కువ, ఆయిలు త్వరగా నల్లబడదు.

ఖర్చు మాట. 19 కిలోల వాణిజ్య సిలిండరులోని వేడి సుమారు 26 లీటర్ల పెట్రోలుకు సమానము. కొనునాటి ధరలు చూచి, సిలిండరు వెల 26 లీటర్ల పెట్రోలు వెలకంటె తక్కువైననే లాభమని ఎంచవలెను. మిక్సరు, రెగ్యులేటరుల ఖర్చు దీనికి అదనము. ఇంటి వంటకిచ్చు 14.2 కిలోల సిలిండరును ఇందుకు వాడుట 2000 సంవత్సరపు ఉత్తర్వు ప్రకారము నేరము.

అన్నిటికంటె ముఖ్యమైనది బావి సంగతి. నీరు లోతుకు పోయినపుడు ఇంజనును బావిలోని గట్టు మీదికి దించుట మనవారికి అలవాటు. ఈ గ్యాసు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. కారినది పైకి పోక, బావిలో నీటివలె నిలచును. ఒక్క బీడీ నిప్పు చాలును. పెట్రోలైనను గ్యాసైనను ఇంజను పొగలోని విషవాయువునకు వాసన లేదు. బావిలో దిగినవానికి తెలియకనే ప్రాణము తీయును. కాబట్టి ఇంజను, సిలిండరు రెండును ఒడ్డునే ఉండవలెను. ఒడ్డు నుండి నీరు 20 అడుగులకు మించి క్రిందనున్నచో ఈ పంపు పీల్చలేదు. అచ్చట వేరు పంపు చూచుకొనవలసినదే. బావిలో సిలిండరు కనబడినచో గ్రామాధికారులు వెంటనే పైకి తీయింపవలెను.

సిలిండరును నిలువుగా, నీడలో, ఇంజనుకు పది అడుగుల దూరమున, గాలి వచ్చు వైపున ఉంచవలెను. పడుకోబెట్టినచో ద్రవమే గొట్టములోనికి వచ్చును. ఎక్కువసేపు నడుపగా సిలిండరు చల్లబడి మంచు పట్టుట కలదు. దానికి నిప్పు చూపరాదు, ఇంజను ఆపి కొంతసేపు విడువవలెను. బిగించిన ప్రతిసారి అతుకులకు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. అగ్గిపుల్ల గీసి చూడరాదు.