మోచేయి నొప్పా? పని మానకండి, పట్టు మార్చండి

2004లో సచిన్‌ను ఆటకు దూరం చేసిన టెన్నిస్ ఎల్బో, బ్యాటు ముట్టని మన చేతులకీ వస్తుంది. బట్టలు పిండే, బకెట్లు మోసే, చపాతీలు వత్తే చేతికి ముప్పై అయిదు దాటాక మరీనూ. బాధ మోచేతిదే అయినా, దాన్ని పెంచేది మణికట్టూ పిడికిలీ. అందుకే ఈ చిట్కాల్లో చాలావరకు అక్కడ భారం తగ్గించేవే.

1. ప్లాస్టిక్ కుర్చీ వీపును అరచేయి కిందికి ఉండేలా పట్టుకుని, చేయి చాచి ఎత్తండి. మోచేతి బయటివైపు ఎముక దగ్గర చురుక్కుమంటే చాలావరకు టెన్నిస్ ఎల్బోయే.

2. ఇకమీదట సంచి అయినా, పాలగిన్నె అయినా అరచేయి పైకి పెట్టి, మోచేయి నడుముకు ఆనించి ఎత్తండి. మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోకండి.

3. పదిహేను లీటర్ల బకెట్ నిండితే పదిహేను కిలోలు. సగం సగం రెండుసార్లు మోయండి, చేయి తేలికపడుతుంది.

4. దుప్పట్లు, జీన్సు ప్యాంట్లు మెలిపెట్టి పిండకండి, ఈ నొప్పికి అంతకు మించిన శత్రువు లేదు. పావుగంట కుళాయి మీదో, గోడ మీదో వేలాడదీస్తే నీళ్లు వాటంతటవే కారిపోతాయి. చిన్న బట్టలైతే పొడి తువ్వాలులో చుట్టి కాలితో తొక్కండి.

5. చపాతీ పిండిని నీళ్లతో కలిపి, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. దానంతటదే మెత్తబడుతుంది, ఆ తర్వాత కాసేపు మర్దిస్తే చాలు.

6. సన్నటి పిడిని గట్టిగా బిగించి పట్టుకోవాలి, లావు పిడికి అంత బిగింపు అక్కర్లేదు. గరిటె, చాకు, చీపురు పిడులకు పాత గుడ్డ చుట్టండి, చాకు పదును పెట్టించండి.

7. సీసా మూత రాకపోతే చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తిప్పండి.

8. పనయ్యాక నొప్పి లేస్తే ఐసుముక్కలు తుండుగుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకండి.

9. మెడికల్ షాపులో టెన్నిస్ ఎల్బో బెల్టు దొరుకుతుంది. చాలామంది నొప్పి ఉన్నచోటే బిగిస్తారు, అది తప్పు. మోచేతికి రెండు వేళ్ల కింద, ముంజేతి కండ మీద కట్టుకోండి, నిద్రపోయేటప్పుడు తీసేయండి.

10. అసలు మందు ఇది, పైసా ఖర్చు లేదు. ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు దాటించి, అరచేయి కిందికి ఉండేలా అరలీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో సాయంపట్టి మణికట్టును పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో మాత్రం మెల్లగా దించండి. రోజూ పదిసార్లు, నెలన్నర, రెండు నెలలు ఓపిక పట్టండి. కాస్త సలిపితే పర్వాలేదు, మర్నాటికీ తగ్గకపోతే సీసాలో నీళ్లు తగ్గించండి.

11. షటిల్ ఆడేవాళ్లు బ్యాటుకు మరో చుట్టు గ్రిప్ వేయించుకుని, బ్యాక్‌హ్యాండ్ కొన్నాళ్లు తగ్గించుకోండి. ఆట పూర్తిగా మానేస్తే కండ ఇంకా నీరసపడుతుంది.

12. స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో నొప్పి కొన్ని వారాలు చల్లబడినా, చాలామందికి మళ్లీ తిరగబెడుతుంది. పదో చిట్కా గట్టిగా చేశాకే దాని సంగతి డాక్టరుతో మాట్లాడండి.

13. చిటికెన వేలు తిమ్మిరెక్కినా, మోచేయి వాచి వేడెక్కినా, దెబ్బ తగిలి చేయి చాపలేకపోయినా చిట్కాలు పక్కనపెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.