క్రొత్త సంఘమునకు కావలసిన సామగ్రి



ఒక గ్రామములో పది కుటుంబములవారు కూడి, ఇకమీదట ప్రతి ఆదివారమును కలిసి దేవుని ఆరాధింతమని నిశ్చయించుకొనిరనుకొనుడు. వారికి ఆలయము లేదు, గంట లేదు, కాపరి నెలకొకమారు మాత్రమే వచ్చును. చేతిలోని ధనము బహు స్వల్పము. అట్టివారు మొట్టమొదట దేనిని సంపాదింపవలెను? దేనిని తరువాత కొనవలెను? దేనికొరకు తొందరపడకుండవలెను?

మీలో పలువురు చదువు ముగించి ఉపాధ్యాయులుగాను, ఉద్యోగులుగాను, సంఘ పెద్దలుగాను స్థిరపడుదురు. అప్పుడు ఈ ప్రశ్న మీ యెదుట నిలుచుట నిశ్చయము. చదువుకొన్నవాడు కదా యని గ్రామస్థులు మిమ్మునే అడుగుదురు. గనుక ఈ పాఠములో ఆ విషయమును క్రమముగా విచారింతము.

1. పూర్వులు దేనితో ఆరంభించిరి?

1805 సంవత్సరమున లండను మిషనువారగు క్రాన్, డేగ్రాంజ్ అను ఇరువురు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు గొప్ప ఆలయమును గూర్చి తొందరపడక, తెలుగు నేర్చుకొనుటకును, పాఠశాల నడుపుటకును పూనుకొనిరి. ఆనందరాయర్ అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెనిగించిరి. క్రాన్ దొరగారు 1809లోను, డేగ్రాంజ్ దొరగారు 1810లోను మృతినొందిరి. అయినను వారి పని నిలిచిపోలేదు. 1812లో మూడు సువార్తలు శ్రీరామపురమునందు తెలుగులో అచ్చుపడెను. పనివారు పోయిరి, పుస్తకము నిలిచెను. సామగ్రిలో మొదటిది ప్రజల భాషలోని గ్రంథమని దీనివలన తెలియుచున్నది.

ఒంగోలు చరిత్రము మరియొక పాఠము నేర్పును. చర్మవ్యాపారము చేసికొనుచుండిన యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొంది, తన వారికి సువార్త చెప్పసాగిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. పిదప 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఘోర క్షామము గడచిన మీదట, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఇరువురిరువురుగా వంతులు మార్చుకొనుచు, ఆ కార్యమును జరిపించిరి. ఆ దినమున వారికి కావలసిన తొట్టి ఏటినీరే. అయితే సుమారు రెండువేలమంది అని చెప్పక, 2,222 అని మనము నేటికిని చెప్పగలుగుచున్నామనగా, లెక్క వ్రాసి యుంచినవారుండిరని గ్రహింపవలెను. నదియు, లెక్కపుస్తకమును రెండును అవసరమే.

2. స్థలము, చాపలు

కూడుకొనుటకు వేపచెట్టు నీడయైనను, ఒకరి యింటి వసారాయైనను, తాటియాకుల పందిరియైనను చాలును. అయితే స్థలముగలవాని సమ్మతి స్పష్టముగా పొందవలెను. స్థలము కొనుదినము వచ్చినప్పుడు దస్తావేజును ఒక పెద్ద పేర గాని, కాపరి పేర గాని వ్రాయించుకొనరాదు. ఆ మనుష్యుడు చనిపోయిన తరువాత అతని కుమారులు, మంచివారైనను, ఆ భూమి తమదే యనుకొనుటకు ఆస్కారము కలుగును. రిజిష్టరు చేయబడిన సంఘము పేరనో, మిషను ఆస్తుల ధర్మకర్తల పేరనో వ్రాయించుట క్షేమము.

ఏబదిమందికి పదిపండ్రెండు తుంగచాపలు సరిపోవును. ఒక చీపురు, ఒక మంచినీళ్ల కుండ, వృద్ధులకొరకు ఒకటి రెండు బల్లలు ఉండవలెను. చాపలు పరచునప్పుడు ఒక నియమము మరువరాదు: పేటనుబట్టి వేరువేరు వరుసలు పరచకూడదు. ముందు వచ్చినవారు ముందు కూర్చుండవలెను.

3. గ్రంథములు, కీర్తనలు

పెద్ద అక్షరముల బైబిలు ఒకటి, ఆరాధనక్రమ పుస్తకమొకటి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములు నాలుగైదు మొదట చాలును. చదువురానివారు పలువురుండినచో పుస్తకముల సంఖ్యకంటె చదువరుల సంఖ్య ముఖ్యము. ప్రతి సంఘములోను స్పష్టముగా చదువగలవారు ఇద్దరైన నుండవలెను. ఒకరికి జబ్బు చేసినను ఆరాధన ఆగదు.

పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు మన కవులు పల్లవియు, చరణములునుగల కీర్తనల రూపమున భక్తిని పాడిరి. పల్లవి మరల మరల వచ్చుటచేత అక్షరజ్ఞానము లేని తల్లులు సైతము రెండు వారములలో కంఠస్థము చేయుదురు. పొలములో నాట్లు వేయుచు పాడుదురు. ఇట్టి కీర్తనలకు ఒక జత తాళములును, ఒక డోలకును చాలును. హార్మోనియము మంచిదే గాని, వాయించువాడు దొరకిన తరువాత కొనవలెను. వాయించువాడు లేని హార్మోనియము ఎలుకలకు ఇల్లగును.

4. బల్ల, గిన్నె, పళ్లెము

ప్రభు రాత్రి భోజనమునకు ఒక చిన్న బల్ల, తెల్లని గుడ్డ, పళ్లెము, గిన్నె కావలెను. అవి వెండివి కానక్కరలేదు. శుభ్రమైనవై, ఆ పనికే ప్రత్యేకింపబడినవై యుండిన చాలును. వాటిని ఉతికి, తోమి, భద్రపరచు బాధ్యత పేరు పెట్టి యొకరికి అప్పగింపవలెను.

ఈ గిన్నె విషయములో మన దేశమునందు ఒక గొప్ప పరీక్ష గలదు. ఒంగోలు సంఘపు తొలిదినములలో, మాదిగవారిని చేర్చుకొనినయెడల తాము రాజాలమని అగ్రకులములవారు కొందరు క్లౌ దొరగారితో చెప్పిరి. అప్పుడు దొరగారును, దొరసానిగారును వేరువేరుగా నుండి వేదము తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని యొక్క భాగమే ఇరువురికిని కనబడెనని ఆయన చరిత్రములో చెప్పబడియున్నది. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని ఆ భాగము బోధించును. వారు వచ్చిన పేదలను త్రోసివేయక చేర్చుకొనిరి.

నేడు ఆరోగ్యమునిమిత్తము చిన్నచిన్న గిన్నెలను వాడు సంఘములు గలవు. అందులో తప్పులేదు. కాని యొకరి పెదవి తాకిన గిన్నె నేను ముట్టనని కులముచేత తలంచి వేరు గిన్నె కోరినయెడల, ఆ గిన్నె బంగారుదైనను సంఘమునకు పనికిరాదు.

5. బాప్తిస్మము

ముంచుట ఆచారముగాగల సంఘములకు ఏరు, చెరువు, కాలువ చాలును. ప్రోక్షణము ఆచారముగాగలవారికి ఒక పాత్ర చాలును. నీటిలో దిగువారికొరకు లోతు ముందుగా చూచుకొనవలెను. స్త్రీలు తడిబట్టలు మార్చుకొనుటకు తడికలతోనో, దుప్పట్లతోనో మరుగు కట్టవలెను. ఇది చిన్నమాటగా తోచును గాని, దీనిని మరచుటవలన పండుగదినమున పలువురు సిగ్గుపడుట కలదు.

6. గంట, దీపము, లౌడు స్పీకరు

పిలుచుటకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కయు, ఒక సుత్తియు చాలును. కూలిపనివారు పొద్దుగూకిన తరువాతనే తీరిక పొందుదురు గనుక మంచి దీపము కావలెను. విద్యుచ్ఛక్తి యున్న గ్రామములోను అది ఆగినప్పటికొరకు వేరొక దీపము సిద్ధముగా నుంచవలెను.

లౌడు స్పీకరును గూర్చి వివేకము కావలెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి లేక దానిని వాడరాదు. సామాన్యముగా రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బయట దానిని వాడుట నిషిద్ధము. ఏబదిమంది కూర్చున్న పందిరిలో మనుష్యుని కంఠము వినబడును. పొరుగువాని నిద్ర చెరిపి అతని ప్రేమను సంపాదింపజాలము.

7. పుస్తకములు, పెట్టె

అన్నిటికంటె చౌకయై, అన్నిటికంటె ఎక్కువగా మరువబడు సామగ్రి ఇదియే. సభ్యుల పట్టీ, బాప్తిస్మముల పుస్తకము, వివాహముల రిజిష్టరు, సమాధుల పుస్తకము, తీర్మానముల పుస్తకము, జమాఖర్చుల చిట్టా, ఈ ఆరును మొదటి నెలలోనే ఉండవలెను. 1872 సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము అధికారము గలవారే వివాహము జరిపింపవలెను. జరిగిన వివాహమును రిజిష్టరులో వ్రాసి సంతకములు చేయింపవలెను.

నేనెరిగిన యొక గ్రామములో సంఘము ఏర్పడిన రెండేండ్లలోపల అప్పు చేసి లౌడు స్పీకరు కొనిరి. బాప్తిస్మముల పుస్తకము మాత్రము కొనలేదు. పేరులు ఒక కాగితముమీద వ్రాసి పందిరి వాసములో దోపిరి. వానకు కొంత, చెదలకు కొంత పోయెను. పదునైదేండ్లకు ఒక వితంతువు తన కుమార్తె వివాహమునిమిత్తము బాప్తిస్మ పత్రిక కావలెనని వచ్చెను. పెద్దలందరు ఆ దినమున తాము అక్కడనే యుంటిమని చెప్పిరి గాని, ఒకరు సంక్రాంతికి ముందనిరి, ఒకరు తరువాతననిరి. "అందరి యెదుట జరిగినది గదా అయ్యా, ఎవ్వరును వ్రాయలేదా?" అని ఆమె అడిగెను. ఎవ్వరును ఉత్తరము చెప్పలేకపోయిరి. ఆ కొన్న యంత్రమో, అప్పు తీరకముందే పాడైపోయెను. అప్పెవరు తీర్చవలెనను వివాదమువలన మూడు కుటుంబములు ఆరాధనకు రావడము మానివేసెను. ఆ దినమున వ్రాయగలిగినవారిలో నేనును ఒకడనే గనుక ఈ మాట మీకు చెప్పుచున్నాను.

పుస్తకములు భద్రపరచుటకు ఒక ఇనుప పెట్టె కొనవలెను. దానికి రెండు తాళములు వేసి, తాళపుచెవులు ఇద్దరి యొద్ద నుంచవలెను. ఇది అనుమానముచేత కాదు. మంచివానిని అపనిందనుండి కాపాడుటకే. కానుక సొమ్మును ఇద్దరు కలిసి లెక్కించి, అప్పుడే చిట్టాలో వ్రాసి, నెలకొకసారి సంఘమునకు చదివి వినిపింపవలెను.

8. ధనము, కట్టడము

మన స్త్రీలు ప్రతిదినము వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరుగా నుంచి, ఆదివారమున తెచ్చు ఆచారము చాల సంఘములలో గలదు. పేదలైనవారును అవమానము లేక ఇయ్యగలుగుటయే దీని గొప్పతనము. కాబట్టి ఆ బియ్యము పోయుటకు ఒక కుండయు సామగ్రిలో చేరినదే.

కట్టడము మాత్రము చివరిది. దోర్నకలు బిషపు అజరయ్యగారు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషేకము పొందిరి. హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ శిల్పరీతులు కలిసిన దోర్నకలు ఆలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. నడుమ ఇరువదియారేండ్లకు పైగా గడచెను. ఆలయము పూర్తికాలేదని సంఘముల పని ఆగలేదు. మెదకులో పాస్నెట్ దొరగారు తలపెట్టిన గొప్ప ఆలయమునకును, 1914లో పని మొదలుపెట్టినది మొదలు 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరుగువరకు పదేండ్లు పట్టెను. సంఘము ఆలయమును కట్టును గాని, ఆలయము సంఘమును కట్టదు.

9. క్రమము

మొదటి నెలలో: స్థలమునకు సమ్మతి, చాపలు, బైబిలు, కీర్తనల పుస్తకములు, ఆరు లెక్కపుస్తకములు, బియ్యపు కుండ. మొదటి సంవత్సరములో: బల్ల, గిన్నె, పళ్లెము, తాళములు, దీపము, పెట్టె. తరువాత, అప్పు లేక: హార్మోనియము, స్థలము, కట్టడము. వీటన్నిటికి ముందు కావలసినవారు ముగ్గురు: చదువువాడు, పాడువాడు, వ్రాయువాడు. ఈ ముగ్గురిని మన పాఠశాల ఇయ్యగలదు.

అభ్యాసము

1. మీ సంఘములోని బాప్తిస్మముల పుస్తకమును కాపరిగారి యనుమతితో చూచి, అందులో మొదటి పేరు ఏ సంవత్సరమున వ్రాయబడెనో తెలిసికొనుడు.

2. మీ గ్రామములో ఆలయస్థలము ఎవరి పేర నున్నదో పెద్దలను మర్యాదగా అడుగుడు.

3. మీ సంఘమునకు నూరు రూపాయలు మాత్రమే యున్నయెడల మొదట దేనిని కొందురో, ఏల కొందురో పది పంక్తులలో వ్రాయుడు.

4. చదువురాని యొక ముసలమ్మకు ఈ సెలవులలో ఒక కీర్తన నేర్పుడు. లేక ఆమె యొద్ద మీరొకటి నేర్చుకొనుడు.