చరిత్ర ప్రాజెక్టు పోటీకి సిద్ధపడు విధము

విద్యార్థులారా, చరిత్ర ప్రాజెక్టనగానే మీలో పలువురు పుస్తకములోని పుటలను అందముగా నెత్తివ్రాయుటయే పనియని తలంచుచున్నారు. మేము దానిని ప్రాజెక్టని యొప్పుకొనము. దుత్తలూరి పిల్లలకు ఉదయగిరి దుర్గము సమీపముననే యుండగా విషయమునకై దూరము పోనేల?

మొదట ఒక్క ప్రశ్న నేర్పరచుకొనుడు. ఉదాహరణము: కృష్ణదేవరాయలు ఈ దుర్గమును గజపతుల నుండి గెలిచెనని మన మెట్లెరుగుదుము? పిమ్మట సాక్ష్యములు వెదకుడు. 1514లో ఉదయగిరి లొంగెను. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాయలు గొనిపోయి, 1515లో హంపిలో ప్రతిష్ఠించినట్లు అచ్చటి కృష్ణాలయ శాసనము తెలుపుచున్నది. మన కొండ కథకు సాక్షి కర్ణాటకమున నిలిచియున్నది! మన జిల్లా శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలు చెట్టి గార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి, వానిని చూడుడు.

శాసనములలోని శకవత్సరమునకు సాధారణముగా 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును. జనవరి మొదలు ఉగాదివరకు గల తిథులకు 79 కలుపవలెను. అక్షరములు కనబడుటకై రాతిపై సుద్దయు నూనెయు పూయకుడు; ఛాయాచిత్రము చాలును.

పెద్దలు చెప్పు కథలను తప్పక వ్రాసికొనుడు. అయితే శాసనము చెప్పినది, పెద్దలు చెప్పినది, మీరూహించినది అను మూడింటిని వేర్వేరుగా చూపుడు. అబద్ధసాక్ష్యము కూడదను నాజ్ఞ గతించిన రాజుల విషయమునను చెల్లును.

తలిదండ్రులారా, పిల్లల వ్రాతను మీరు వ్రాసిపెట్టకుడు. బహుమానము కొందరికే వచ్చును. నిజమును వెదకు అలవాటు అందరికిని మిగులును.