సంఖ్య వెనుక ఉన్న కొలత: ప్రశ్నలు - జవాబులు

రెండు రాశులలో ఒకటి సమానమైన అంతరాలతో పెరుగుతున్నప్పుడు రెండోది ప్రతిసారీ ఒకే పరిమాణంలో పెరిగినా, తరిగినా, వాటి సంబంధాన్ని తెలిపే సమీకరణాన్ని రేఖీయ సమీకరణం అంటారు. గ్రాఫు కాగితంపై అది సరళరేఖగా కనిపిస్తుంది. సమీకరణాన్ని సాధించడం వచ్చినవారికి కూడా అందులోని ఒక్కొక్క సంఖ్య ఏం చెబుతున్నదో వివరించడం కష్టమవుతున్నదని పాఠకుల ప్రశ్నలను బట్టి తెలుస్తున్నది. ప్రతి సంఖ్యనూ దాని ప్రమాణంతో, అంటే రూపాయి, గంట, లీటరు వంటి కొలతతో కలిపి చదవడమే దీనికి విరుగుడు.

ప్రశ్న: వరికోత యంత్రాన్ని పొలం దాకా తెచ్చినందుకు 1,000 రూపాయలు, ఆపైన గంటకు 2,400 రూపాయలు కావాలని ఒక యజమాని అంటున్నారు. మరొకరు రవాణా ఖర్చు వద్దు, గంటకు 2,600 ఇస్తే చాలంటున్నారు. ఏ బేరం మేలు?

జవాబు: మొదటి బేరాన్ని ‘ఖర్చు = 2,400 × గంటలు + 1,000’ అనీ, రెండోదాన్ని ‘ఖర్చు = 2,600 × గంటలు’ అనీ రాయవచ్చు. గంటలు మారుతుంటాయి, వాటిని బట్టి ఖర్చూ మారుతుంది కనుక ఈ రెండూ చరరాశులు. గంటలను గుణిస్తున్న 2,400 గుణకం. గ్రాఫులో అదే రేఖ వాలు అవుతుంది, అంటే యంత్రం మరొక్క గంట నడిస్తే ఖర్చు ఎంత పెరుగుతుందో అది చెబుతుంది. యంత్రం గట్టు దిగకముందే మీద పడే 1,000 రూపాయలు స్థిరపదం. రేఖ నిలువు అక్షాన్ని తాకే ఎత్తు అదే కాబట్టి దానిని అంతరఖండం అని కూడా అంటారు.

రెండో యజమాని గంటకు 200 రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారు గనుక, ఆ అదనం ఎన్ని గంటలకు 1,000 రూపాయలు అవుతుందో చూస్తే 5 గంటలని తేలుతుంది. రెండు రేఖలు ఖండించుకునే బిందువుకు అర్థం ఇదే: 5 గంటల కోతకు ఇద్దరిలో ఎవరిని పిలిచినా 13,000 రూపాయలే అవుతుంది. 3 గంటల్లో కోత ముగిసే చిన్న కమతానికి రెండో బేరం 400 రూపాయలు చౌక కాగా, 8 గంటలు పట్టే కమతానికి మొదటిది 600 రూపాయలు చౌక. కోతకు ఎన్ని గంటలు పడుతుందో అంచనా వేసుకోకుండా ఏ బేరం మేలో చెప్పడం కుదరదు.

ప్రశ్న: బయట ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’కి అప్పు దొరుకుతున్నది, బ్యాంకు 12 శాతం అంటున్నది. రెండు కంటే పన్నెండు ఎక్కువే కదా?

జవాబు: ఈ రెండు సంఖ్యల ప్రమాణాలు వేరు కనుక వాటిని నేరుగా పోల్చకూడదు. బయటి అప్పుల్లో నూటికి రెండు అంటే వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలు. బ్యాంకు చెప్పే శాతం సంవత్సరానికి. 50,000 రూపాయల అప్పుకు బారువడ్డీ లెక్కన, అంటే ఎంతకాలమైనా అసలు మీద మాత్రమే వడ్డీ కట్టే పద్ధతిలో, బయటి అప్పు ‘బాకీ = 50,000 + 1,000 × నెలలు’ అవుతుంది. 12 శాతాన్ని ఇదే పద్ధతిలో నెలకు మారిస్తే ‘బాకీ = 50,000 + 500 × నెలలు’ వస్తుంది. రెండు రేఖలూ ఒకే ఎత్తున మొదలైనా మొదటిదాని వాలు రెండోదానికి రెట్టింపు. ఏడాదికి చెప్పుకుంటే అది 24 శాతం వడ్డీ.

ఈ సమీకరణం ఎంతవరకు నిలుస్తుందో కూడా గమనించడం అవసరం. ఏడాది చివర వడ్డీ చెల్లించలేక నోటు తిరగరాస్తే 62,000 రూపాయలు కొత్త అసలవుతుంది, ఆనాటి నుంచి నెలకు వడ్డీ 1,240 రూపాయలకు పెరుగుతుంది. రేఖ అక్కడ విరిగి మరింత నిటారుగా లేస్తుంది. ఇలా వడ్డీ అసలులో కలిసే పద్ధతే చక్రవడ్డీ. మొదటి ఏడాది వాలును నమ్మి మూడేళ్ల బాకీని అంచనా వేసుకున్న కుటుంబం తీవ్రంగా నష్టపోతుంది.

ప్రశ్న: ‘నీరు = 1,000 − 25 × నిమిషాలు’ అనే సమీకరణంలో 50 నిమిషాలు ప్రతిక్షేపిస్తే −250 లీటర్లు వస్తున్నది. తప్పు ఎక్కడ ఉంది?

జవాబు: గణనలో తప్పు లేదు, సమీకరణాన్ని దాని హద్దు దాటి వాడటమే తప్పు. 1,000 లీటర్లతో నిండిన ట్యాంకులోంచి నిమిషానికి 25 లీటర్ల చొప్పున నీరు తగ్గుతున్నదని ఇక్కడి రుణ వాలు తెలుపుతుంది. 40వ నిమిషంలో రేఖ అడ్డ అక్షాన్ని తాకుతుంది, అంటే ట్యాంకు ఖాళీ అవుతుంది. కాబట్టి ఈ సమీకరణం 0 నుంచి 40 నిమిషాల వరకే వర్తిస్తుంది. పైగా, ట్యాంకులో మట్టం తగ్గేకొద్దీ కుళాయి ధార కూడా సన్నబడుతుంది గనుక, మోటారుతో దాదాపు ఒకే వేగంతో తోడే నీటికి ఈ సరళరేఖ బాగా నప్పుతుంది, కుళాయి నీటికి అది ఉజ్జాయింపు మాత్రమే.

ప్రశ్న: జ్వరం 2 సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఫారన్‌హీట్‌లో ఎంత పెరిగినట్టు? సూత్రంలో 2 వేస్తే 35.6 వస్తున్నది.

జవాబు: ‘ఫారన్‌హీట్ = 1.8 × సెల్సియస్ + 32’ అనే సూత్రం థర్మామీటరు చూపే అంకెను మార్చడానికి ఉద్దేశించినది, పెరుగుదలను మార్చడానికి కాదు. నీరు గడ్డకట్టే స్థానాన్ని ఒక కొలమానం 0 అనీ, మరొకటి 32 అనీ గుర్తించడం వల్లనే ఆ స్థిరపదం వచ్చింది. 37 డిగ్రీల సెల్సియస్ 98.6 ఫారన్‌హీట్ కాగా, 39 డిగ్రీలు 102.2, రెండింటి తేడా తీసినప్పుడు 32 కొట్టివేయబడి, పెరుగుదల 2 × 1.8, అంటే 3.6 డిగ్రీలుగా మిగులుతుంది. తేడాలను నిర్ణయించేది వాలు ఒక్కటే.

ఇదే కారణంగా సెల్సియస్ 20 నుంచి 40కి రెట్టింపైనా ఫారన్‌హీట్ 68 నుంచి 104కే చేరుతుంది. ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపయ్యే సంబంధాన్ని అనులోమానుపాతం అంటారు. స్థిరపదం సున్నా అయి, రేఖ మూలబిందువు గుండా పోతేనే అది సాధ్యం. కోత యంత్రం విషయంలో రెండో బేరం అటువంటిది, మొదటిది కాదు.

ప్రశ్న: పిల్లలు సమీకరణం రాస్తారు కానీ అర్థం చెప్పలేరు. తరగతిలో ఏ అభ్యాసం చేయించాలి?

జవాబు: సమీకరణం పక్కనే ప్రతి సంఖ్యకూ ప్రమాణంతో సహా ఒక పూర్తి వాక్యం రాయించాలి. ‘వాలు 2,400’ అంటే సగం జవాబే. ‘యంత్రం నడిచే ఒక్కొక్క గంటకు ఖర్చు 2,400 రూపాయలు పెరుగుతుంది’ అన్నప్పుడే అది పూర్తవుతుంది. తరువాత సమీకరణం మాత్రమే ఇచ్చి, దానికి సరిపోయే సందర్భాన్ని పిల్లల చేతనే కల్పింపజేసి, అది ఎక్కడి నుంచి ఎక్కడి వరకు చెల్లుతుందో కూడా అడగాలి. చివరగా ప్రమాణాలను సరిచూడటం నేర్పాలి: గంటకు ఇన్ని రూపాయలనే గుణకాన్ని గంటలతో గుణిస్తే రూపాయలు వస్తాయి, వాటికి రూపాయలనే కలపగలం. స్థిరపదం స్థానంలో గంటలో, ఎకరాలో వచ్చి చేరితే, లెక్క చేయడం మొదలుపెట్టకముందే సమీకరణం తప్పని విద్యార్థి తనంతట తానే పట్టుకోగలుగుతాడు.