పాత జీపుకు మరమ్మతు - పంచాయతీ సొమ్ముకు కాపుదల

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైనది మొదలు జీపుబండి మన పల్లెలకు సుపరిచితము. నేడు ఆ స్థానమున బొలేరో వంటి బండ్లు తిరుగుచున్నవి. బొలేరో 2000 సంవత్సరమున వెలువడినది. ఉక్కు చట్రముపై పైభాగమును బిగించి కట్టిన ఇట్టి బండ్లు గతుకుల బాటలకు చక్కగా ఓర్చుకొనును. అయినను వయస్సు మీరినకొలది వానికిని జబ్బులు తప్పవు. మరమ్మతు బిల్లు సమావేశము ముందుకు వచ్చినప్పుడు "మెకానిక్కు అడిగినంత ఇయ్యక తప్పునా?" అని సభ్యులు ఊరకుండుట కద్దు. చెల్లించునది గ్రామస్థుల సొమ్ము. కావున దేనికి ఖర్చు పెట్టవలెనో, దేనికి పెట్టరాదో సభ్యులు తెలిసికొనవలెను. ఆ విషయమునే ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట వయస్సు చూడుడు

బండి జబ్బుకంటె ముందు బండి వయస్సు చూడవలెను. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో ప్రకటించి, ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలులోనికి తెచ్చిన నియమము ప్రకారము, పంచాయతీ పేరనున్న వాహనపు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు నిండగానే ముగియును. అటుపిమ్మట దానిని నమోదైన వాహన తుక్కు కేంద్రమునకు పంపవలసినదే. సభ్యుల సొంత బండ్లకు ఈ నియమము వర్తింపదు. అవి తనిఖీలో యోగ్యమని తేలినచో, రుసుము చెల్లించి ఐదేసి సంవత్సరములు పొడిగించుకొనవచ్చును.

ఒక లెక్క చూతము. ఇంజను పూర్తిగా విప్పి బాగుచేయుటకు రూ. 60,000 అగునని అనుకొందము. బండికి ఇంకను 60 నెలల గడువున్నచో నెలకు పడు భారము రూ. 1,000 మాత్రమే. గడువు 10 నెలలే ఉన్నచో అది నెలకు రూ. 6,000 అగును. మరమ్మతు ఒక్కటే, సొమ్మూ ఒక్కటే. కాని మొదటిది పొదుపు, రెండవది దుబారా. కావున ప్రతి పెద్ద బిల్లును మిగిలిన నెలలతో భాగించి చూడవలెను.

ఇంజను చెప్పు మాటలు

పెద్ద ఖర్చు ఒక్కనాడు పుట్టదు. చాలచోట్ల బోరునీటిలో ఉప్పు లెక్కువ. అట్టి నీటిని రేడియేటరులో పోసినచో లోపలి గొట్టములలో పొర కట్టును. నీరు సరిగా పారక ఇంజను వేడెక్కును. వేడికి హెడ్డు వంగి, గాస్కెట్టు కాలును. అప్పటికిని నడిపినచో పిస్టనులు పట్టివేయును. రేడియేటరు శుభ్రపరచుట చిన్న ఖర్చు, హెడ్డు పని పెద్ద ఖర్చు, ఇంజను పని అన్నిటికంటె పెద్దది. శుద్ధజలముతో కలిపిన కూలెంటు వాడినచో ఈ మూడు ఖర్చులలో చాలవరకు తప్పించుకొనవచ్చును. వేడిమీద నున్న రేడియేటరు మూత మాత్రము ఎన్నడును తీయరాదు.

పొగను చూచియు జబ్బు గుర్తింపవచ్చును. నల్లని పొగ వచ్చినచో గాలి చాలుటలేదని గాని, డీజిలు ఎక్కువగా పడుచున్నదని గాని భావించి, ముందు గాలి ఫిల్టరు చూడవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజనాయిలు కాలుచున్నదని అర్థము, రింగులు అరిగియుండవచ్చును. రేడియేటరు నీరు తరుగుచు, తెల్లని పొగ ఆగక వచ్చుచున్నచో గాస్కెట్టును అనుమానింపవలెను. నల్లపొగకు ఫిల్టరు మార్చిన సరిపోవుచోట ఇంజను విప్పనిచ్చుట తగదు.

ఒకే కూలితో మూడు పనులు

క్లచ్చి జారినచో ఇంజను మోత పెరుగును గాని వేగము పెరుగదు. క్లచ్చిని చేరుటకు గేరుబాక్సు దింపవలెను. కూలిలో అధికభాగము ఆ దింపి ఎక్కించుటకే పోవును. కావున అరిగిన క్లచ్చి ప్లేటుతో పాటు ప్రెషరు ప్లేటును, బేరింగును అప్పుడే పరీక్షించి, అరిగియున్నచో కలిపి మార్చుట లాభము. లేనిచో మూడు నెలలకు అదే కూలిని మరల చెల్లింపవలసివచ్చును.

వాయిదా వేయరాని పనులు

బ్రేకు, స్టీరింగు, టైర్లు, కమానులు - వీనికి పై లెక్క వర్తింపదు. గడువు ఒక్క నెలయే ఉన్నను, బండి రోడ్డెక్కవలెనన్న ఇవి బాగుండితీరవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు వేడికి మరిగినచో పెడలు తొక్కినను బ్రేకు పట్టదు. రెండేండ్లకొకసారి దానిని మార్చుట మేలు. స్టీరింగు చక్రము వదులుగా తిరుగుట, టైరు ఒకవైపే అరుగుట, కమాను పట్టీ విరుగుట కనబడినచో బండిని నిలిపివేయవలెను. ఆ బండిలో ప్రసవవేదనతో నున్న తల్లి ప్రయాణము చేయవచ్చును. అచట పొదుపు పనికిరాదు.

బిల్లు అడుగు పద్ధతి

పని మొదలుపెట్టకముందే రెండు చోట్ల వ్రాతమూలకముగా అంచనా తీసికొనుడు. సామానుల ధర, కూలి వేరువేరుగా చూపుమనుడు. మార్చిన పాత సామానులను తిరిగి తెప్పించి సమావేశములో చూడుడు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లవద్ద, ఏది మార్చిరో ఒక పుస్తకములో వ్రాయించుడు. ఆ పుస్తకమున్నచో మార్చిన వస్తువునకే మరల బిల్లు రాదు, వచ్చినను పట్టుబడును.

యంత్రవిద్య నేర్చినవారే ఈ పనులు చూడవలెనని లేదు. వయస్సు, మిగిలిన నెలలు, పాత సామాను, వ్రాతపుస్తకము - ఈ నాలుగింటిని గూర్చి సమావేశములో అడుగు సభ్యుడు ఒక్కడున్నను గ్రామపు సొమ్ము గ్రామమునకే దక్కును.